కొట్టేసిన వాక్యం

ఆ వాక్యాన్ని మొదటిసారి రాసినప్పుడు భవ్యశ్రీ రెండుసార్లు ఆలోచించింది. తర్వాత అలవాటైపోయింది.

పంచాయతీలకు నిధుల బదలాయింపు మీద ప్రశ్న. రెండు పేరాలు పద్ధతిగా రాసింది. మూడో పేరా మధ్యలో, అదే చేతిరాతతో, అదే వేగంతో ఒక వాక్యం ఇరికించింది. 'ఇది ఎవరూ చదవడం లేదని నాకు తెలుసు, చదువుతున్నట్టయితే ఈ వాక్యాన్ని కొట్టేయండి.' ఆ వెంటనే ఏమీ ఎరగనట్టు రాష్ట్ర ఆర్థిక సంఘాల సిఫార్సుల్లోకి వెళ్లిపోయింది.

మరుసటి వారం కోచింగ్ సెంటర్ నుంచి జవాబుపత్రం తిరిగొచ్చింది. సరిగ్గా ఆ వాక్యం మీదుగా పెద్ద టిక్కు. కింద ఇంగ్లీషులో, 'గుడ్. ఇంప్రూవ్ ప్రెజెంటేషన్.'

భవ్యశ్రీ పగలబడి నవ్వింది. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మూడో అంతస్తు గది అది. కిటికీ తెరిస్తే ఎదురింటి కూలర్ వీపు కనిపిస్తుంది. నవ్వు ఆగాక ఆమెకొక సంగతి తోచింది. పొద్దున లేచినప్పటి నుంచీ తన గొంతులోంచి వచ్చిన మొదటి శబ్దం అదే.

సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాస్తోంది. ప్రిలిమ్స్ దాటింది. వయసు లెక్క ప్రకారం ఇదే ఆఖరి ప్రయత్నం. పోయినసారి కూడా ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. తప్పిందని మార్కులు చెప్పాయి. ఎక్కడ తప్పిందో మాత్రం అవి చెప్పలేదు. ఈ పేటలో దొరకని వస్తువు లేదు. నోట్సులు దొరుకుతాయి, మెస్సు భోజనం దొరుకుతుంది, కుర్చీ లెక్కన రీడింగ్ రూమ్ దొరుకుతుంది. తెలుగులో రాసిన జవాబును మొదటి నుంచి చివరిదాకా చదివి, 'ఇదిగో, ఇక్కడ నువ్వు జారిపోయావు' అని చెప్పే మనిషి మాత్రం దొరకలేదు.

దొరికాడనే అనుకుంది ఒకప్పుడు. విష్ణు అని, కొన్నేళ్ల క్రితం తెలుగు మీడియంలో ర్యాంకు కొట్టిన అధికారి. ఇప్పుడెక్కడో వేరే రాష్ట్రంలో ఉద్యోగం. ఆదివారం సాయంత్రాలు ఆన్‌లైన్‌లో మెంటరింగ్ చేస్తాడు. 'నేను మీ అన్నను' అని మొదలుపెడతాడు. భవ్యశ్రీ అతనికి ఓ జవాబు ఫోటో తీసి పంపింది. 'సూపర్ చెల్లీ! కీప్ గోయింగ్' అని వచ్చింది. వారం ఆగి, ఆ దొంగ వాక్యమున్న జవాబు పంపింది. 'సూపర్ చెల్లీ!' మళ్లీ వచ్చింది. అతనేం చెడ్డవాడు కాదు. ఎనిమిది వందలమందికి ఒకేసారి అన్న కావడం ఎవరివల్లా కాదు, అంతే.

అప్పటి నుంచీ కోచింగ్ సెంటర్‌కిచ్చే ప్రతి జవాబుపత్రంలోనూ ఎక్కడో ఒకచోట ఆ వాక్యం పెడుతూ వచ్చింది. పందెం కాసినట్టు. ఎప్పుడూ తనే గెలిచేది. గెలిచిన ప్రతిసారీ గది ఇంకాస్త ఇరుకైనట్టుండేది.

జూలై చివర్లో ఒక మధ్యాహ్నం ఓడిపోయింది.

కౌంటర్ దగ్గర పత్రం తీసుకుని, అలవాటుగా పేజీలు తిప్పుతూ మెట్లెక్కుతోంది. ఎర్రటి గీత ఒకటి కళ్లను పట్టుకుని ఆపింది. వాక్యం మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా, స్కేలు పెట్టి కొట్టినంత నిటారుగా గీత. పక్కన మార్జిన్‌లో తెలుగులో రాసి ఉంది.

'ఇది జవాబు కాదు, ఏడుపు. ఇంత చోటు వృథా చేసుకునే తాహతు నీకుందా? పైగా, పై పేరాలో చెప్పిందే ఈ పేరాలో మళ్లీ చెప్పావు. దానికేం చేద్దాం?'

మెట్లమీదే కూర్చుండిపోయింది. కిందికీ పైకీ పోయేవాళ్లు విసుక్కుంటూ పక్కనుంచి తప్పుకుపోతున్నారు. ఆమెకు పట్టలేదు. ఎవరో తనను తిట్టారు. పై పేరా చదివి, కింది పేరా చదివి, రెండూ పోల్చి చూసి మరీ తిట్టారు. ఆ నగరంలో అడుగుపెట్టాక ఎవరైనా తనతో అంత సేపు గడపడం అదే మొదలు.

పత్రం పట్టుకుని కౌంటర్‌కి పరుగెత్తింది.

"భయ్యా, తెలుగు కాపీలు ఎవరు చెక్ చేస్తారు?" హిందీలో అడిగింది.

కౌంటర్ వెనకాల ఉన్నాయన తలెత్తలేదు. "కాన్ఫిడెన్షియల్ హై మేడం."

"ఒక్కసారి మాట్లాడాలి."

"సబ్ కో బాత్ కర్‌నీ హై. నెక్స్ట్!" అందరికీ మాట్లాడాలనే ఉంటుందట.

సరే. చెప్పకపోతే కనుక్కోవడమే.

భవ్యశ్రీకి తెలిసినవి రెండే. పత్రాలు శనివారం బయటికి వెళతాయి. తెలుగు కట్ట చిన్నది, ఒక్కరే వచ్చి తీసుకుపోతారు. బజారుకు వెళ్లి చిలకాకుపచ్చ రంగు ఫోల్డర్ కొంది. ఎంత దూరం నుంచైనా కళ్లలో గుచ్చుకునే రంగు. అందులో తన కొత్త జవాబుపత్రం పెట్టి శుక్రవారం కౌంటర్‌లో ఇచ్చింది. శనివారం పొద్దున్నే ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర కాపు కాసింది.

టీ మీద టీ. బడ్డీవాడు అనుమానంగా చూడటం మొదలుపెట్టాక, మధ్యాహ్నం ఎండలో, ఆకుపచ్చ ఫోల్డర్ గుమ్మంలోంచి బయటికొచ్చింది. దాన్ని పట్టుకున్న చెయ్యి ఏ నెరిసిన పంతులుగారిదో అవుతుందనుకుంది భవ్యశ్రీ. కాదు. ఇరవై రెండేళ్లుంటాయేమో, పొట్టి జుట్టు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, గోళ్లకు నల్ల రంగు వేసుకున్న అమ్మాయి. ఫోన్‌లో గలగలా హిందీ మాట్లాడుతూ మెట్రో వైపు నడిచింది.

భవ్యశ్రీ వెంటపడింది.

రాజేంద్ర ప్లేస్‌లో ఆ అమ్మాయి వైశాలి పోయే రైలెక్కింది. భవ్యశ్రీ అదే పెట్టెలో అవతలి తలుపు దగ్గర నిలబడింది. స్టేషన్లు పోతున్నాయి. యమున దాటింది. జనం పల్చబడుతున్నారు, దాక్కోవడానికి వీపులు తగ్గిపోతున్నాయి. ఆ అమ్మాయి ఫోల్డర్ తెరిచింది. జవాబుపత్రం బయటికి తీసి, పేజీలు గబగబా తిప్పి, హెడ్డింగులున్నాయో లేదో, బొమ్మ వేసిందో లేదో చూసి, పెన్ను తీసి టక టకా టిక్కులు పెట్టేసింది. రెండు స్టేషన్ల మధ్యలో పని అయిపోయింది.

భవ్యశ్రీకి ఒళ్లు మండిపోయింది. టిక్కుల చెయ్యి ఇదే. మరి ఎర్ర గీత ఎవరిది?

వైశాలిలో దిగి, అపార్ట్‌మెంట్ల వరస దాటి, ఒక సొసైటీ గేటు దగ్గరికి చేరేసరికి ఆ అమ్మాయి గిరుక్కున వెనక్కి తిరిగింది. ఇయర్‌ఫోన్లు లాగేసింది.

"ఆప్ మేరా పీఛా కర్ రహీ హై?" తన వెంటపడుతున్నారా అని నిలదీసింది.

గార్డు లాఠీ సర్దుకున్నాడు. భవ్యశ్రీ సంచిలోంచి పాత పత్రం తీసి, ఎర్ర గీతున్న పేజీ తెరిచి మొహం ముందు పెట్టింది.

"ఇది ఎవరు రాసిండ్రు?" తెలుగులోనే అడిగింది.

ఆ అమ్మాయి మొహంలో రంగు మారింది. అర్థమైందన్నమాట.

"నీకు తెలుగు చదువొస్తదా?" భవ్యశ్రీ ఆకుపచ్చ ఫోల్డర్‌లోని పత్రం లాక్కుని ఒక వాక్యం మీద వేలు పెట్టింది. "గిది చదువు."

"దీదీ, ప్లీజ్. యహా నహీ." గార్డు వైపు చూసి గొంతు తగ్గించింది. "ముఝే సమఝ్ మే ఆతా హై. బోల్ భీ లేతీ హూ థోడా. ఇంట్లో మాట్లాడతాం కదా. పఢ్‌నా నహీ ఆతా." తెలుగు అర్థమవుతుంది, కొద్దిగా మాట్లాడగలదు, చదవడం మాత్రం రాదు.

పేరు చాందిని. పుట్టింది, పెరిగింది ఢిల్లీలోనే. కాలేజీ సీనియర్ ఒకామె ఆ కోచింగ్ సెంటర్‌లో పనిచేస్తుంది. తెలుగు పత్రాలు దిద్దేవాళ్లు కావాలంటే, 'నువ్వు తెలుగే కదా' అని చాందినిని తీసుకెళ్లింది. ఇంటిపేరు చూసి వాళ్లు సరేనన్నారు. చదవడం వచ్చా అని ఎవరూ అడగలేదు. వాళ్లకు అందరు తెలుగువాళ్లూ ఒకటే. చాందిని చెప్పనూ లేదు.

"మరి ఇది?" ఎర్ర గీత.

"ఆ వారం నాకు ఫీవర్. నాన్న చేశారు. ఒక్కసారే. ఆయన చదువుతూ ఎంత గుస్సా అయ్యారో తెలుసా? మీ మీద కూడా, నా మీద కూడా."

"ఆయన దగ్గరికి తీస్కపో."

చాందిని గార్డుకు 'గెస్ట్' అని సైగ చేసింది.

ఆమె నాన్న పేరు కేశవరావు. భీమవరం పక్క ఊరు. ఇరవై మూడేళ్ల వయసులో కేంద్ర సచివాలయంలో అసిస్టెంటుగా చేరి, అండర్ సెక్రటరీగా రిటైరయ్యాడు. భార్య పోయి మూడేళ్లు. హాల్లో సోఫాకి ఒక మూల కూర్చుని ఉన్నాడు, మిగతా సోఫా ఖాళీగా ఉంది. టీవీ మోగుతోంది గానీ ఆయన చూస్తున్నట్టు లేదు. చాందిని హిందీలో సంగతంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఆయన టీవీ కట్టేశాడు.

"ఆ ఏడుపు వాక్యం రాసింది నువ్వేనా అమ్మాయ్?"

"నేనే సర్."

"ఇంత దూరం వెంటపడి వచ్చావా?"

"మీ బిడ్డ వెనకాల వచ్చిన సర్."

"పోలీసుల్లో చేరకపోయావా? సివిల్స్ ఎందుకు?"

నవ్వాలో వద్దో భవ్యశ్రీకి తెలియలేదు. గొంతు సవరించుకుని అడగవలసింది అడిగేసింది. మెయిన్స్ దగ్గరికొచ్చేసింది. రోజూ రాస్తాను. మీరు చదవండి. ఇంకేం వద్దు, ఆ ఒక్క పేపరు చదివినట్టు చదివితే చాలు.

కేశవరావు తల అడ్డంగా ఊపాడు. "నేనా పరీక్ష మూడుసార్లు రాశానమ్మా. మూడుసార్లూ తప్పాను. తర్వాత జీవితమంతా పరీక్ష నెగ్గినవాళ్లకి ఫైళ్ల మీద నోట్లు రాసిపెట్టాను. నేను ఫెయిలైన పరీక్షకి నన్ను గురువుగా పెట్టుకుంటానంటున్నావు. బుర్ర ఉందా నీకు?"

"నెగ్గినోళ్లు సూపర్ చెల్లీ అంటున్నరు సర్."

"అయితే హాయిగా విను. నాకొద్దు ఈ గొడవ." ఆయన మళ్లీ రిమోట్ అందుకున్నాడు.

భవ్యశ్రీ అక్కడ ఆగి ఉంటే బాగుండేది. నమస్కారం పెట్టి, రేపు మళ్లీ వస్తానని వెళ్లిపోయి ఉంటే బాగుండేది. కానీ నెలల తరబడి గోడలతో తప్ప మాట్లాడని మనిషికి, తలుపు మూసుకుపోతోంటే ఏం చేయాలో తోచదు. కాలు అడ్డం పెడుతుంది.

"సరే సర్. అయితే ఇన్‌స్టిట్యూట్‌కు పోయి చెప్త. తెలుగు చదవరానోళ్లతోని మా పేపర్లు దిద్దిపిస్తున్నరని. మీ బిడ్డ పేరు పెట్టి గ్రూపుల్ల రాస్త."

చాందిని మొహం పాలిపోయింది. "నాన్నా..."

కేశవరావు కళ్లజోడు తీశాడు. చాలాసేపు తుడిచాడు.

"బెదిరిస్తున్నావన్నమాట."

"అడుగుతున్న సర్."

"కాదమ్మా. అడగడం ఇందాకే అయిపోయింది." జోడు పెట్టుకున్నాడు. ఆ అద్దాల వెనక కళ్లు ఇప్పుడు వేరే మనిషివి. "పంపించు. చూస్తాను."

భవ్యశ్రీ రైలెక్కి వచ్చిన దారినే వెనక్కి వచ్చింది. గెలిచినట్టే ఉంది. పెట్టెలో కూర్చోడానికి చోటున్నా కూర్చోబుద్ధి కాలేదు.

ఆ మర్నాటి నుంచి ఏర్పాటు మొదలైంది. భవ్యశ్రీ రాసిన పత్రాలు రాజేంద్ర ప్లేస్ స్టేషన్‌లో చాందిని చేతికిచ్చేది. చాందిని తిరిగి తెచ్చిచ్చేది. మొదట్లో ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు.

కేశవరావు మాట తప్పలేదు. ప్రతి పేజీ దిద్దాడు. చెప్పిందే మళ్లీ చెప్పిన చోట ఎర్ర గీత. పదం ఎక్కువైన చోట గీత. సంవత్సరం తప్పైతే సరైన సంవత్సరం. భవ్యశ్రీ జవాబులు చిక్కి సన్నబడ్డాయి. కోచింగ్ టెస్టులో రాసినా, టైముకు ముందే పూర్తవుతున్నాయి. పని జరుగుతోంది. ఫిర్యాదు చేయడానికేమీ లేదు.

అయినా ప్రతి పత్రం విప్పగానే ఆమె ముందు మార్జిన్ వెతుకుతోంది. మార్జిన్ ఖాళీ. ఎంత చెత్తగా రాసినా ఖాళీయే. ఒకసారి కావాలనే ఒకే వాక్యాన్ని మూడుచోట్ల తిప్పి తిప్పి రాసింది. మూడుచోట్లా గీత వచ్చింది. తిట్టు రాలేదు. 'తాహతు నీకుందా' అన్న ఆ మనిషి ఎటో వెళ్లిపోయాడు. ఆయన చెయ్యి మాత్రం వస్తోంది, పోతోంది. ముందు టిక్కులొచ్చేవి, ఇప్పుడు గీతలొస్తున్నాయి. గదిలో మాత్రం మార్పు లేదు. ఎదురింటి కూలర్ అదే మోత. మెస్సులో ఒకే బల్ల మీద అటూ ఇటూ కూర్చుని ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ తినే అదే భోజనం.

ఆగస్టు రెండో వారంలో వలస కార్మికుల మీద జవాబు రాసింది. ఆ ప్రశ్న వస్తుందని అందరూ అంటున్నారు. కమిటీల పేర్లు, చట్టాలు, 'గుత్తేదారుల దోపిడీ', ముందుకు దారి, చివర్లో చక్కటి ముగింపు. తను ఇంతవరకూ రాసినవాటిలో నున్నటి జవాబు అదే అనిపించింది. ఈసారైనా ఏదైనా అంటాడేమోనని ఎదురుచూసింది.

చాందిని తెచ్చిచ్చింది. స్టేషన్ మెట్ల మీదే విప్పింది. ఒక్క గీత లేదు. చివరి పేజీ కింద, మూలకు, చిన్న పొడి సంతకం. పక్కన తేదీ.

"ఇదేంది? బాగుందనా?"

చాందిని తొంగి చూసి, పెదవి కొరుక్కుంది. "దీదీ... బురా మత్ మాన్‌నా, ఏమనుకోకండి. ఆఫీసులో ఏదైనా ఫైలు నచ్చకపోతే నాన్న ఇలాగే చేసేవారంట. నోట్ రాయరు. ఓన్లీ ఇనిషియల్. చూశాను అని. అంతే. అమ్మ చెప్పేది, కోపం వస్తే తిడతారు, ఛోడ్ దియా తో ఇనిషియల్ అని."

"ఛోడ్ దియా?"

"హా. వదిలేశారని."

చాందిని వెళ్లిపోయాక కూడా భవ్యశ్రీ అక్కడే నిలబడింది. జనం రెండు వైపుల నుంచీ రాసుకుపోతున్నారు. ఆమెకు అప్పటికి గానీ తలకెక్కలేదు. ఆయన్ని తను సంపాదించుకోలేదు, స్వాధీనం చేసుకుంది. స్వాధీనమైన మనిషి ఏ మాత్రం ఇవ్వాలో అంత మాత్రమే ఇస్తున్నాడు. మిగతాది తన దగ్గరే ఉంచుకున్నాడు. తనకు కావలసింది ఆ మిగతాదే.

పరీక్ష వచ్చే శుక్రవారం నుంచి. ఈ ఒప్పందం ఇలాగే నడిస్తే కనీసం గీతలైనా వస్తాయి. తెంచేస్తే అవీ ఉండవు. ఆఖరి వారంలో చదివే మనిషే లేకుండా పోతాడు. తర్వాతి రెండు రోజులూ పుస్తకం ముందేసుకుని ఒక్క పేజీ తిప్పలేకపోయింది. ఆదివారం పొద్దున్నే వైశాలి రైలెక్కింది.

తలుపు చాందిని తీసింది. కేశవరావు అదే సోఫాలో, అదే మూల.

"పేపర్లు చాందినికిచ్చి పంపొచ్చుగా," అన్నాడు.

"పేపర్లు తేలేదు సర్." భవ్యశ్రీ కూర్చోలేదు. "ఒక్క మాట చెప్పిపోదామని వచ్చిన. నేను ఇన్‌స్టిట్యూట్‌ల ఎవరికీ చెప్ప. గ్రూపుల్ల రాయ. మీరు చదివినా చెప్ప, చదవకపోయినా చెప్ప. ఇగ మీరు నా పేపర్లు చూడనక్కర్లేదు."

"ఇది ఫోన్‌లో చెప్పొచ్చు."

"తప్పు మీ ఇంట్ల చేసిన. ఫోన్‌ల ఎట్ల చెప్త?"

"మంచిది," అన్నాడు.

అంతే. ఇంకేదో ఉంటుందని ఒక క్షణం నిలబడింది. లేదు. ఫ్యాను తిరుగుతోంది.

"దీదీ, చాయ్?" చాందిని మెల్లగా అడిగింది.

"వద్దు చెల్లె. తెలుగు పేపర్లు మానెయ్. నీకోసం కాదు, నా అసోంటోళ్లు ఇంకా ఉంటరు."

"మానేశాను దీదీ. పోయిన వీక్ చెప్పేశా, మీ పేపర్లు తప్ప వేరేవి తేవడం లేదు."

భవ్యశ్రీ గుమ్మం దగ్గర ఒంగి బూటు తొడుక్కుంది. లేసు ముడి పడటం లేదు. కళ్లలో నీళ్లు నిండి లేసు రెండుగా కనిపిస్తోంది. వచ్చే వారమంతా తను రాస్తుంది. రాసినవి గదిలో మంచం కింద చేరతాయి. ఆ తర్వాత పరీక్ష హాలు, ఆ తర్వాత ఎవరో తెలియని ఒక మనిషి. సరే. ఇన్నాళ్లూ అలాగే రాసింది.

"ఆ కూలీల జవాబు ఎవరు రాశారు?"

లోపలి నుంచి వచ్చింది గొంతు. భవ్యశ్రీ ఒక కాలికి బూటుతో, రెండో బూటు చేత్తో పట్టుకుని లేచి నిలబడింది.

"నేనే సర్."

"నువ్వు రాయలేదు. నువ్వు రాస్తే తప్పులుంటాయి. దాంట్లో ఒక్క తప్పు లేదు. ఒక్క మనిషీ లేడు. నీదే ఊరు?"

"నారాయణపేట దగ్గర సర్."

"అక్కణ్ణుంచి ఊళ్లకి ఊళ్లు పనులకి వలసపోతాయని ఢిల్లీలో ఫైళ్లు చూసుకునే నాకు తెలుసు. నీ జవాబుకి తెలియదు. గుత్తేదారుల దోపిడీ అని నాలుగుచోట్ల రాశావు. గుత్తేదారు అంటే ఎవడు? ఎప్పుడైనా చూశావా వాణ్ణి?"

భవ్యశ్రీ చేతిలోని బూటును అటూ ఇటూ తిప్పింది.

"చూడకుండానే రాశావన్నమాట."

"మా నాయన సర్."

కేశవరావు కళ్లజోడు పైకి జరుపుకున్నాడు.

"మా నాయన గుంపు మేస్త్రీ." ఢిల్లీలో ఎవరికీ చెప్పని మాట అది. ఎవరడిగినా వ్యవసాయం అనేది. ఇప్పుడు చెప్తుంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఎండాకాలం ముంగట ఊర్లె అడ్వాన్సులిచ్చి జనాన్ని పుణెకు తోల్కపోతడు. కమీషన్ తింటడు. నా హాస్టల్ ఫీజు అదే, నా రూమ్ కిరాయి అదే. ఒకసారి మా ఎనకింటి బాలమ్మ కొడుకు బిల్డింగు మీదికెల్లి పడ్డడు. కంపెనోళ్లు ఫోనెత్తలె. మా నాయననే దవాఖాన్ల కూసున్నడు, మా నాయననే శవాన్ని పట్కొచ్చిండు. బాలమ్మ మా నాయన కాలర్ పట్టుకుని కొట్టింది. మల్ల యాడాది ఆమెనే వచ్చి, చిన్నోణ్ణి తోల్కపో అని అడిగింది. తోల్కపోయిండు." ఊపిరి తీసుకుంది. "ఇది ఏ కమిటీ రిపోర్టుల రాయాలె సర్ నేను?"

ఆయన ఓదార్చలేదు. కూర్చోమనలేదు. సోఫా మూల నుంచి లేచి, హాలు దాటి గుమ్మం దాకా వచ్చాడు.

"మీ నాన్న కథ రాయమనట్లేదు. అది ఎవడిక్కావాలి? కానీ ఇది తెలిసిన మనిషి దోపిడీ అన్న మాట నాలుగుసార్లు వాడదు. ఒక్కసారి వాడుతుంది. ఎక్కడ వాడాలో తెలిసి వాడుతుంది. ఆ తెలివి ఎందుకు దాచేశావు?"

"అట్ల రాస్తే మార్కులు పడవు సర్. చట్టాలు, కమిటీలు ఉండాలె. అందరు గదే చెప్తరు."

"పడకపోవచ్చు. నాకు మూడుసార్లూ పడలేదు, నా మాట నమ్మాలని రూలేం లేదు."

"నమ్ముతలేను."

"ఏమన్నావ్?"

"మీరు చెప్పింది సగమే కరెక్ట్ అంటున్న." బూటు పట్టుకున్న చెయ్యి ఊపుతూ మాట్లాడుతోందని ఆమెకు తెలియదు. "చట్టం లేదంటే మా నాయన మంచోడా చెడ్డోడా అనే దగ్గరనే ఆగిపోతం. అడ్వాన్సు తీసుకున్న దినమే కూలి పేరు కంపెనీ లెక్కల్ల ఎక్కితే, కంపెనోడు ఫోనెత్తక తప్పదు. అప్పుడు మేస్త్రీ మనుషులను కుదిర్చేటోడే గాని, శవాలు మోసేటోడు గాడు. చట్టం పనికొచ్చేది గక్కడ. మీరేమో కమిటీలన్నీ తీసెయ్‌మంటరు."

"నేనెక్కడ తీసెయ్యమన్నాను?" కేశవరావు గొంతు లేచింది. "అసలు నీ జవాబులో ఈ ముక్క ఉందా? ఉంటే చూపించు! మూడు పేజీలు పాడుచేశావు, ఇంత ముక్క పెట్టడానికి చోటు దొరకలేదా నీకు? చాందినీ, తెల్ల కాయితాలిలా పట్రా!"

చాందిని కదలకుండా చూస్తోంది. నాన్న ఇంట్లో ఇంత గట్టిగా తెలుగు మాట్లాడి ఎన్నాళ్లయిందో ఆమెకే తెలియాలి. ఉలిక్కిపడి తెల్ల కాగితాలు, పెన్ను తెచ్చి ఇద్దరి మధ్యా పట్టుకుంది.

"మొదటి వాక్యం చెప్పు," అన్నాడాయన.

"కూలి మనిషి ఊరు దాటిన క్షణం నుంచి..."

"ఆగు. క్షణం ఎందుకు? కవిత్వమా? మళ్లీ."

భవ్యశ్రీ గుమ్మానికి భుజం ఆన్చింది. వెనక కారిడార్ ఖాళీగా ఉంది. ఎక్కడో లిఫ్టు తలుపు తెరుచుకుని మూసుకుంది.

"కూలి మనిషి ఊరు దాటితే, అతని పేరు ఎక్కడా ఉండదు."

కేశవరావు ఆ వాక్యాన్ని పెదాలతో ఒకసారి మెల్లగా అనుకుని చూశాడు.

"తర్వాత?"